గుణుపురంలో తెలుగు చెప్పే అమ్మాయికి, స్మార్ట్ బోర్డు గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పర్లాకిమిడి నుంచి మీ తెలుగు మాస్టారు ఆశీర్వదించి రాసేది.

నీ మెసేజ్ చదివాను. బడికి స్మార్ట్ బోర్డు వచ్చిందనీ, రెండు ట్యాబ్‌లు ఇచ్చారనీ, రోజూ వాటితోనే పాఠం చెప్పమంటున్నారనీ రాశావు. ఇన్ని వచ్చినా మూడో తరగతి పిల్లలు ఒత్తు కనబడితే చాలు ఆగిపోతున్నారని బాధపడ్డావు. "పలక, గుణింతాలు ఇక మానేయాలా మాస్టారూ?" అని అడిగావు. మానొద్దమ్మా. అలాగని బోర్డు మీద గుడ్డ కప్పి ఊరుకోవద్దు. రెండూ కావాలి. ఏది ఎక్కడ వాడాలన్నదే అసలు సంగతి.

ఏ వస్తువు బడికి వచ్చినా ముందు ఒకటి ఆలోచించుకో. ఈ పనిలో పిల్ల తనంతట తాను చేయాల్సింది ఏమిటి? అది పిల్లకే వదిలెయ్. మిగిలిన చాకిరీ వస్తువుకి అప్పజెప్పు. చదవడం నేర్చుకునే పిల్ల అక్షరాన్ని చూసి, దాని ధ్వనిని మనసులో పట్టుకుని, పక్క అక్షరంతో కలిపి మాట చేసుకోవాలి. ఆ శ్రమ పిల్లదే. ఇప్పుడొచ్చిన ఫోన్లు సరిగ్గా ఆ శ్రమే తీసేస్తున్నాయి. మైకు నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది, రాసింది అదే చదివి వినిపిస్తుంది. మనలాంటి వాళ్ళకి అది సౌకర్యమే. ఇంకా చదవడం రాని పిల్లకి మాత్రం నేర్చుకునే అవకాశమే చేజారిపోతుంది.

మన ఒడిశాలోని తెలుగు పిల్లల సంగతి ఇంకొంచెం వేరు కూడా. అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం పిల్లకి బడిలోనూ బజారులోనూ కనబడేది ముఖ్యంగా తెలుగే. మన పిల్లకి ఇంట్లో తెలుగు, బస్సు బోర్డు మీద ఒడియా, ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు. కొండ ఊళ్ళ నుంచి వచ్చే పిల్లకైతే ఇంట్లో సవర అనే గిరిజన భాష. ఈ నాలుగూ చిన్న తలలో కలిసిపోతుంటాయి. ఎక్కడ కలుస్తున్నాయో నీకు తెలియాలి, ఎందుకంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని యాప్ తయారుచేసిన వాళ్ళకి అది తెలియదు.

ఒకటి చెప్తాను. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. ఒడియా ముందు నేర్చిన పిల్ల తెలుగులో మెడకీ మేడకీ, తెగకీ తేగకీ, కొనకీ కోనకీ తేడా చేయదు. నోటితో సరిగ్గానే అంటుంది, రాతలో ఎత్వం, ఏత్వం కలిపేస్తుంది. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటైతే ఆ తేడా ఇంకా మాసిపోతుంది, అక్కడా రెండింటికీ ఒకటే అక్షరం కొడతారు కదా. వ, బ సంగతీ అంతే. మీ ఊరి పక్కన పారే వంశధారని ఒడియాలో బంశధార అంటారు. మీ పిల్లలు వానని బాన అని రాస్తే తెలివి తక్కువని కోప్పడకు. రెండో భాష చెవిలో ఉందని అర్థం. ఈ జంటలన్నీ ఒక చార్టు మీద రాసి గోడకి పెట్టు. దానికి కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు.

ఇప్పుడు ఫోను. నా లెక్కలో అందులో బడికి అన్నిటికన్నా పనికొచ్చేది వాయిస్ రికార్డర్. దానికి నెట్ కూడా అవసరం లేదు. ఒక్కొక్క పిల్ల చేత చిన్న పేరా చదివించి రికార్డు చెయ్. వెంటనే వినిపించు. తన గొంతు తాను విన్న పిల్ల, నువ్వు చెప్పకముందే "ఇక్కడ తప్పు చదివాను" అంటుంది. ఆ మాట మన నోటి నుంచి వచ్చేదాని కంటే వంద రెట్లు పనిచేస్తుంది. అదే పేరా కొన్ని వారాల తర్వాత మళ్ళీ చదివించి, రెండూ పక్కపక్కన వినిపించు. మార్కుల కార్డు చూపిస్తే తలూపి వెళ్ళిపోయే తల్లి, పిల్ల గొంతులో మార్పు వింటే బడికి మళ్ళీ వస్తుంది. నీకూ ఎవరు ఒత్తుల దగ్గర ఆగుతున్నారో, ఎవరు గుర్తుపెట్టుకుని అప్పజెప్తున్నారో తేలిపోతుంది. మొదటి పాఠం కంఠతా వచ్చేసి వేలు ఒక చోట, నోరు ఒక చోట ఉండే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ళని పట్టుకోవాలంటే పాఠంలోని వాక్యాలు వరుస మార్చి బోర్డు మీద రాసి చదివించు.

తెలుగు టైపింగ్ గురించి రాశావు, "చిన్నపిల్లలకి అప్పుడే ఎందుకు?" అని. చేతిరాత కుదిరాక, అంటే మూడు నాలుగు తరగతుల్లో, తప్పకుండా నేర్పు. అయితే ఇంగ్లీషులో కొడితే తెలుగులోకి మార్చే కీబోర్డు వద్దు. అచ్చంగా తెలుగు అక్షరాలు కనబడే కీబోర్డు పెట్టు. ఎందుకో ఈ చిన్న పని చేసి చూడు, తెలుస్తుంది. ట్యాబ్ మీద "స్త్రీ" అని కొట్టించు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఆరు సార్లు నొక్కాలి. ఇప్పుడు చెరిపే మీట ఒక్కొక్కసారే నొక్కమను. మొదట గుడిదీర్ఘం పోయి స్త్ర మిగులుతుంది. తర్వాత ర పోతుంది, స్త్ మిగులుతుంది. తర్వాత స్త. తర్వాత స్. చివరికి ఒంటరిగా స. కాగితం మీద రాసేటప్పుడు ఒత్తు ఎక్కడో కింద వేలాడుతూ ఉంటుంది, దాన్ని ముందు పలకాలో వెనక పలకాలో పిల్లకి తోచదు. టైపు చేసేటప్పుడు మాత్రం పలికే వరుసలోనే కొట్టాలి. మీ మూడో తరగతి పిల్లలు ఒత్తు దగ్గర ఆగిపోతున్నారన్నావు చూడు, దానికి నాకు తెలిసిన మంచి మందు ఇదే. స్మార్ట్ బోర్డు మీద పెద్ద అక్షరాల్లో పెట్టి తరగతి అంతటి చేతా గట్టిగా చెప్పిస్తూ చెయ్. క్క, మ్మ, ల్ల లాంటి వాటితో మొదలుపెట్టి, ర్ణ, స్థ, క్ష్మ దాకా వెళ్ళు. ప్రతి గుర్తునీ దాని పేరుతోనే పిలిపించు: తలకట్టు, గుడి, కొమ్ము, ఎత్వం, ఐత్వం. ఆ పేర్లు నోట్లో ఆడుతుంటే ఏ కీబోర్డు వచ్చినా పిల్లకి బెదురు ఉండదు.

మైకులో మాట్లాడితే రాసే సౌకర్యాన్ని కూడా పూర్తిగా తోసేయొద్దు. దాన్ని పిల్లకి బదులు రాసేందుకు కాకుండా, పిల్ల దిద్దేందుకు వాడు. ఒక పిల్లాడి చేత ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడించు: "మా నాన్న మద్రాసు ఎలిపోనాడు". మన యాస దానికి సరిగ్గా అందదు, ఏదేదో రాస్తుంది. అది బోర్డు మీద పెట్టి "ఫోను ఎక్కడ తప్పు రాసింది?" అని అడుగు. ఎప్పుడూ మన చేత తప్పులు పట్టించుకునే పిల్లలే ఇప్పుడు తప్పులు పట్టేవాళ్ళవుతారు. బడిలో అంతకంటే హుషారు నేనింకోదానిలో చూడలేదు. చివర్లో ఎలిపోనాడు అని ఇంట్లో అంటాం, వెళ్ళిపోయాడు అని పుస్తకంలో రాస్తాం అని రెండూ పక్కపక్కన రాయి. మొదటిది మోటు మాట అని మాత్రం అనకు. గిడుగు రామమూర్తి పంతులుగారు మేష్టారుగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ళ భాషలో వాచకాలు తయారుచేసిన మనిషి. జనం మాట్లాడే తెలుగుకి పుస్తకంలో చోటు కావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి, మర్నాడు పిల్లవాడి యాసకి నవ్వితే ఎలాగమ్మా?

పిల్ల చదివితే వినే యాప్‌లు ఉన్నాయి. గూగుల్ వాళ్ళ రీడ్ అలాంగ్ 2020లో తెలుగులోనూ వచ్చింది. పిల్ల పైకి చదువుతుంటే విని, ఆగిన చోట మాట అందిస్తుంది, చుక్కలు (స్టార్లు) ఇస్తుంది. ఇంట్లో చదువు వచ్చిన వాళ్ళు లేని పిల్లకి ఇది మంచి తోడు. ఒక్క జాగ్రత్త: చుక్కల కోసం గబగబా చదివేసే అలవాటు పడుతుంది. అయ్యాక ఫోను పక్కన పెట్టించి, కథలో ఏం జరిగిందో నోటితో చెప్పమను. చెప్పలేకపోతే చుక్కలన్నీ దండగే.

కథల కోసం ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటు చూడు. 2015 నుంచి ఉచితంగా ఉంది. ఒకే బొమ్మల కథ తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతుంది, సవరలో కూడా కొన్ని ఉన్నాయి. ముందురోజు రాత్రి ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళు. తరగతి మధ్యలో సిగ్నల్ కోసం గిరగిర తిరిగే ఆ గుర్తు చూస్తూ పిల్లలు కూర్చోకూడదు. ముందు ఒడియాలో కథ తెలిసిన పిల్ల తెలుగులో అదే కథ చదివితే, అర్థం కోసం తడుముకోదు. ఉన్న ఓపికంతా అక్షరాల మీద పెడుతుంది.

వీడియోలు పెడితే కింద తెలుగు అక్షరాలు వచ్చేవే పెట్టు. పాట వింటూ అదే భాషలో అక్షరాలు చూస్తే చదవడం మెరుగవుతుందన్న ఆలోచనని అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1996లో మొదలుపెట్టారు. సినిమా పాటల కింద ఆ పాట మాటలే వేయించారు. నువ్వు ఒకసారి పాట వినిపిస్తూ చూపించు, రెండోసారి శబ్దం ఆపేసి అక్షరాలు చూసి పాడమను. బొమ్మలు గెంతే వీడియోలు మాత్రం తగ్గించు. పిల్లలు నిశ్శబ్దంగా చూస్తున్నారంటే నేర్చుకుంటున్నారని కాదు.

ఇంటి పనికి నేను చెప్పేది ఇది. మీ వైపు చాలా ఇళ్ళల్లో తండ్రులు సూరత్‌కో చెన్నైకో పనికి వెళ్ళి ఉంటారు. పిల్లలు రాత్రి తల్లి ఫోనులో వాయిస్ మెసేజ్ పంపుతారు. వారానికి ఒకసారి దాని బదులు నాన్నకి రెండు వాక్యాలు తెలుగు లిపిలో రాసి పంపమను. కాగితం మీద రాసి ఫొటో తీసినా సరే. నాన్న జవాబిస్తే అది తరగతికి తెచ్చి చదవమను. వాచకంలో పాఠం చదవడానికి బద్ధకించే పిల్లవాడు ఆ మెసేజ్‌ని ఎంత కష్టపడి కూడబలుక్కుని చదువుతాడో చూడు. తల్లి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టిన మెసేజ్‌లని తెలుగు లిపిలోకి మార్చి రాయించు. పైన చెప్పిన మెడ, మేడ గొడవ అక్కడే బయటపడుతుంది. ఫోను లేని ఇల్లు కూడా ఉంటుంది. ఆ పిల్ల నలుగురిలో చిన్నబుచ్చుకోకుండా బడి ట్యాబ్ మీద ముందు వంతు దానికే ఇవ్వు.

పెద్ద తరగతులకి కూడా చెప్తున్నానన్నావు కాబట్టి ఒక మాట. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది, ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా వ్యాసం దానిచేత రాయించుకొస్తున్నాడు. పోట్లాడి లాభం లేదు. "చెట్ల ఉపయోగాలు" లాంటి వ్యాసాలు ఇవ్వడం మానెయ్. సంతలో చింతపండు అమ్మే మనిషితో మాట్లాడి, ధర ఎలా కట్టిందో, ఏ ఊరి నుంచి మోసుకొచ్చిందో రాసుకురమ్మను. తరగతిలో నిలబెట్టి రెండు ప్రశ్నలు వెయ్, ఎవరు రాశారో ఇట్టే తెలుస్తుంది. ఇంకో పని: గుణుపురం గురించి ఆ యంత్రాన్నే అడిగి, అది రాసింది ప్రింటు తీసి, తప్పులు వెతకమని పిల్లలకి ఇవ్వు. ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి సరిచూసుకోవాలి. అనుమానంతో చదవడం కూడా చదువే కదా, ఈ రోజుల్లో మరీను.

పైవాళ్ళ సంగతి. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ చెప్పేది కూడా మూడో తరగతి అయ్యేసరికి పిల్ల అర్థం చేసుకుంటూ చదవాలనే. బోర్డు ఎన్ని గంటలు వాడావని అడిగితే లెక్క చెప్పు, దాంతోపాటు పిల్లల రికార్డింగులు వినిపించు. ఫొటోలు అప్‌లోడ్ చేసే టెన్షన్‌లో చదివించే గంట మాత్రం పోగొట్టుకోకు. ఆ పనులు బడి వదిలాక పెట్టుకో.

రికార్డింగుల విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకో. తల్లిదండ్రుల్ని అడగకుండా పిల్ల గొంతు గానీ, మొహం గానీ ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టొద్దు. తప్పులు చదివినవి అసలే వద్దు. నాకు పంపాలన్నా అడిగాకే పంపు. ముందు ఆ ఒత్తుల పని రెండు వారాలు చేసి, ఎవరెవరు ఇంకా ఎక్కడ ఆగుతున్నారో రాయి. గుణుపురం రైల్లో ఒకరోజు వచ్చి నీ తరగతిలో కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు