టెక్ సందేహాలు: టన్నెళ్లు రెండున్నా ట్రాఫిక్ ఒకదాని మీదే పోతోందా?

ప్రశ్న: మా బ్రాంచి ఆఫీసులో 300 ఎంబీపీఎస్ లింకులు రెండున్నాయి. ఇంటర్నెట్‌కు వెళ్లేదంతా క్లౌడ్ సెక్యూరిటీ సర్వీసు మీదుగా పంపుతున్నాం. ఒక్కో లింకు మీద ఆ సర్వీసు దాకా ఒక్కో ఐపీసెక్ టన్నెల్ (డేటాకు తాళం వేసి పంపే దారి) పెట్టాం. రెండూ ‘అప్’ అనే చూపిస్తున్నాయి. అయినా ఒక లింకు నిండిపోతుంటే రెండోది దాదాపు ఖాళీగా ఉంటోంది. రెండూ వాడేలా మార్చి చూస్తే, కొన్ని సైట్లు లాగిన్ అయిన కాసేపటికే బయటికి పంపేస్తున్నాయి. తప్పు ఎక్కడుంది?

జవాబు: మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది సర్దగానే రెండోది బయటపడింది.

టన్నెల్ అప్‌లో ఉన్నంత మాత్రాన రూటర్ దాన్ని వాడుతుందని లేదు. రెండు టన్నెళ్ల మీది డిఫాల్ట్ రూట్లకు (వేరే దారి రాసిలేని ట్రాఫిక్ అంతా పోయే దారులకు) మెట్రిక్ (దారి ఖర్చు), అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (రూట్ ఎక్కడి నుంచి వచ్చిందో దాన్ని బట్టి ఇచ్చే నమ్మకపు అంకె) సమానంగా ఉంటేనే రెండూ రూటింగ్ టేబుల్లోకి ఎక్కుతాయి. బీజీపీ (రూటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) నడుపుతుంటే చాలా రూటర్లు మామూలుగా ఒక్క మంచి దారినే తీసుకుంటాయి. ‘మ్యాగ్జిమమ్ పాత్స్’ విలువను 2 చేయండి. రెండు టన్నెళ్ల అవతలి ఏఎస్ నంబర్లు (బీజీపీలో ఒక్కో నెట్‌వర్క్‌కు ఉండే గుర్తింపు నంబర్లు) వేరైతే ‘మల్టీపాత్ రిలాక్స్’ కూడా ఆన్ చేయాలి. రూటింగ్ టేబుల్ తెరిచి, డిఫాల్ట్ రూట్ కింద రెండు నెక్స్ట్ హాప్‌లు (ప్యాకెట్ తర్వాత చేరాల్సిన చోట్లు) ఉన్నాయో లేదో ముందు చూడండి. ఒక్కటే ఉంటే మిగతా సెట్టింగ్‌లు ముట్టుకోవడం అనవసరం.

రెండూ ఉండి కూడా ఒకవైపే మొగ్గుతుంటే అది హాష్ (ప్యాకెట్ వివరాల నుంచి లెక్కగట్టే అంకె) పని. ఒక కనెక్షన్‌కు చెందిన ప్యాకెట్లన్నీ ఒకే దారిలో పోవాలి. లేకపోతే వెనకా ముందూ అయి చేరతాయి, టీసీపీ వాటిని పోయిన ప్యాకెట్లుగా లెక్కేసుకుని వేగం తగ్గించేస్తుంది. అందుకే రూటర్ ప్యాకెట్ హెడర్ నుంచి హాష్ లెక్కగట్టి, ఆ కనెక్షన్‌ను ఒక టన్నెల్‌కు కట్టేస్తుంది. ఆ లెక్కలోకి ఏమేం తీసుకుంటుందన్నదే కీలకం. రూటర్‌కు ముందే ఒక ప్రాక్సీయో, నాట్ (అడ్రస్‌లు మార్చడం) చేసే పెట్టెయో ఉంటే ఆఫీసు మొత్తం ఒకే సోర్స్ అడ్రస్‌తో కనిపిస్తుంది. అప్పుడు సోర్స్ అడ్రస్ ఒక్కదాని మీదే హాష్ చేస్తే అంతా ఒకే టన్నెల్‌లో పడుతుంది. ప్రోటోకాల్, రెండు వైపుల అడ్రస్‌లు, రెండు వైపుల పోర్టులు, ఈ ఐదూ కలిపి హాష్ చేయించండి. లినక్స్ ఆధారిత రూటర్లలో మల్టీపాత్ హాష్ పాలసీ విలువ మామూలుగా 0, అంటే అడ్రస్‌లు మాత్రమే. దాన్ని 1 చేస్తే పోర్టులు కూడా లెక్కలోకి వస్తాయి.

ఎన్ని టన్నెళ్లు పెట్టినా ఒక్క పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ వేగం ఒక లింకు వేగాన్ని దాటదు. స్పీడ్ చూడాలంటే ఒకేసారి పది, ఇరవై కనెక్షన్లు తెరిచి కొలవండి.

ఇంకో చోట కూడా తేడా కొట్టొచ్చు. టన్నెళ్ల కౌంటర్లు సమానంగా పెరుగుతూ, బయటి లింకుల కౌంటర్లలో మాత్రం ఒక్కటే పెరుగుతోందేమో చూడండి. అలా ఉంటే రెండు టన్నెళ్ల బయటి ప్యాకెట్లు కూడా ఒకే లింకు పట్టుకుని పోతున్నట్టు. సర్వీసు ఇచ్చిన ఒక్కో గేట్‌వే అడ్రస్‌కు /32 రూట్ (ఆ ఒక్క అడ్రస్‌కే వర్తించే దారి) రాసి, మొదటిదాన్ని మొదటి లింకు మీదకు, రెండోదాన్ని రెండో లింకు మీదకు మళ్లించండి. రెండు టన్నెళ్లకూ ఒకే గేట్‌వే అడ్రస్ ఇచ్చి ఉంటే ఈ ఉపాయం పారదు. సోర్స్ అడ్రస్‌ను బట్టి దారి ఎంచుకునే పాలసీ రూటింగ్ పెట్టుకోవాలి.

ఈ /32 రూట్లు లేకపోతే ఇంకా ఘోరం జరగొచ్చు. టన్నెల్ లేవగానే డిఫాల్ట్ రూట్ దాని మీదకు మారుతుంది. మరుక్షణం టన్నెల్ సొంత ప్యాకెట్లే టన్నెల్లోకి దూరతాయి. గేట్‌వే నుంచి జవాబు రాక డెడ్ పీర్ డిటెక్షన్ (అవతలి వైపు బతికుందో లేదో చూసే తనిఖీ) దాన్ని పడగొడుతుంది, రూట్ పోతుంది, టన్నెల్ మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. లాగ్‌లో ఈ లేవడం పడటం ఒకే వ్యవధిలో వరసగా కనిపిస్తే లింకు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసే ముందు రూట్లు చూసుకోండి.

ఇక సైట్లు బయటికి పంపేయడం. మీ రెండు టన్నెళ్లూ సర్వీసు వారి రెండు వేర్వేరు కేంద్రాలకు వెళ్తున్నాయేమో చూడండి. ఒక్కో కేంద్రం నుంచి ట్రాఫిక్ ఒక్కో పబ్లిక్ అడ్రస్‌తో బయటికొస్తుంది. బ్రౌజర్ ఒకే సైట్‌కు చాలా కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి, లాగిన్ ఒక అడ్రస్ నుంచి, తర్వాతి క్లిక్ ఇంకో అడ్రస్ నుంచి వెళ్తాయి. సెషన్‌ను అడ్రస్‌తో ముడిపెట్టే బ్యాంకింగ్ సైట్ల వంటివి దాన్ని దొంగ సెషన్ అనుకుని తెంచేస్తాయి. లోడ్ పంచుకునే టన్నెళ్లన్నీ ఒకే కేంద్రానికి పెట్టండి. దూరపు కేంద్రానికి వెళ్లే టన్నెల్‌ను మెట్రిక్ పెంచి బ్యాకప్‌గానే ఉంచండి. ఒకే కేంద్రం కుదరకపోతే, ముందు నాట్ లేని ఆఫీసుల్లో సోర్స్ అడ్రస్ హాష్‌కు మారొచ్చు. పంపకం కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా ఒక మనిషి ట్రాఫిక్ అంతా ఒకే కేంద్రం నుంచి పోతుంది.

తిరిగొచ్చే ప్యాకెట్ల సంగతి చాలామంది మరిచిపోతారు. సర్వీసు వైపు కూడా దాని హాష్ దానికి ఉంటుంది. మొదటి టన్నెల్లో వెళ్లినదానికి జవాబు రెండో టన్నెల్లో రావచ్చు, దాన్ని మీ ఫైర్‌వాల్ ఆపేయొచ్చు. వచ్చిన దారినే తిప్పి పంపే సదుపాయం సర్వీసులో ఉంటే ఆన్ చేయించండి. లేకపోతే మీ ఫైర్‌వాల్‌లో రెండు టన్నెళ్లనూ ఒకే జోన్‌లో (ఒకే నియమాలు వర్తించే గుంపులో) పెట్టండి. లినక్స్‌లో రివర్స్ పాత్ ఫిల్టర్ (రావాల్సిన దారిలో రాని ప్యాకెట్లను పారేసే తనిఖీ) 1లో ఉండి జవాబులు పోతున్నాయని తేలితే 2కు మార్చండి.

చివరగా ప్యాకెట్ సైజు. ఐపీసెక్ హెడర్లు కలిశాక 1500 బైట్లలో పట్టదు కాబట్టి టన్నెల్ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1400, టీసీపీ ఎంఎస్ఎస్ (అందులో డేటాకు మిగిలే భాగం) 1360 పెట్టి మొదలుపెట్టండి. ఒక లింకు పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి) అయితే దాని ఎంటీయూ ముందే 1492కు తగ్గి ఉంటుంది. రెండు లింకులున్న చోట ఇది మనల్ని బాగా తికమక పెడుతుంది. ఒక టన్నెల్లో పడ్డ కనెక్షన్లే ఇరుక్కుంటాయి, పేజీ రిఫ్రెష్ చేస్తే తెరుచుకుంటుంది, తప్పు సైట్‌ది అనుకుంటాం. తక్కువ లెక్క వచ్చినదాన్నే రెండు టన్నెళ్లకూ పెట్టండి. విండోస్ పింగ్‌లో ‘ముక్కలు చేయొద్దు’ ఆప్షన్‌తో 1372 బైట్లు పంపితే, 28 బైట్ల హెడర్లు కలిసి సరిగ్గా 1400 అవుతుంది. ఒక్కో టన్నెల్‌ను విడిగా ఉంచి పరీక్షించండి.

ప్రశ్న: ఒక లింకు కేబుల్ పీకేస్తే రెండోదానికి మారడానికి దాదాపు 3 నిమిషాలు పడుతోంది. తగ్గించొచ్చా?

జవాబు: బీజీపీ హోల్డ్ టైమర్ (అవతలి రూటర్ నుంచి కబురు లేకపోతే ఎంతసేపు ఆగాలో చెప్పేది) చాలా రూటర్లలో 180 సెకన్లు. మీ 3 నిమిషాలు అక్కడివే. సర్వీసు బీఎఫ్‌డీని (దారి తెగితే వెంటనే పట్టేసే తనిఖీని) అనుమతిస్తే 300 మిల్లీసెకన్లు, 3 సార్లు అని పెట్టండి, సెకనులోపే తెలిసిపోతుంది. మొబైల్ డేటా లింకు మీద మాత్రం అంత బిగించొద్దు. అక్కడ ఆలస్యం ఎక్కువ తక్కువలుగా ఉంటుంది, బాగున్న టన్నెల్ కూడా ఊరికే పడిపోతుంటుంది. బీఎఫ్‌డీ లేకపోతే బీజీపీ కీప్అలైవ్ (బతికే ఉన్నానని పంపే కబురు) 10, హోల్డ్ 30 సెకన్లు చేయండి.

టన్నెల్ బాగానే ఉండి, అవతల సర్వీసు నుంచి ఇంటర్నెట్‌కే దారి లేకపోతే ఇవేవీ పట్టుకోలేవు. అందుకోసం ప్రతి టన్నెల్ లోంచి 5 సెకన్లకోసారి ఒక హెచ్‌టీటీపీ ప్రోబ్ (పరీక్ష రిక్వెస్ట్) పంపి, వరసగా 3 తప్పితే ఆ రూట్ తీసేసేలా పెట్టండి. ఏ టన్నెల్ ప్రోబ్‌ను ఆ టన్నెల్‌కే కట్టేయాలి. వదిలేస్తే అది కూడా హాష్‌లో పడి బాగున్న టన్నెల్ నుంచి పోతుంది, చచ్చిన టన్నెల్ బతికున్నట్టే కనిపిస్తుంది.

ప్రశ్న: ఒక లింకు 300, ఇంకోటి 50 ఎంబీపీఎస్. రెండూ కలిపి వాడొచ్చా?

జవాబు: సమాన మెట్రిక్‌తో అయితే వద్దు. సగం కనెక్షన్లు ఆ 50లో ఇరుక్కుంటాయి. నెక్స్ట్ హాప్‌లకు వెయిట్ ఇచ్చే వీలుంటే 6, 1 అని ఇవ్వండి. లేదంటే చిన్నదాన్ని బ్యాకప్‌గా వదిలేయడమే మేలు.

ప్రశ్న: రెండు టన్నెళ్లూ సరిగ్గా గంటకోసారి ఒకేసారి పడి లేస్తున్నాయి. సెట్టింగ్‌లు తప్పయితే అసలు లేవకూడదు కదా?

జవాబు: ఐకేఈ (టన్నెల్ కీలు కుదుర్చుకునే ప్రోటోకాల్) వెర్షన్ 2లో మొదటి చైల్డ్ ఎస్ఏ (ట్రాఫిక్‌కు తాళం వేసే కీల ఒప్పందం) రెండు వైపులూ ఒకదాన్నొకటి గుర్తించే లాగిన్‌తో పాటే తయారవుతుంది. పీఎఫ్ఎస్ గ్రూపును (ప్రతిసారీ పూర్తిగా కొత్త కీ పుట్టించే లెక్కకు వాడేదాన్ని) అప్పుడు ఎవరూ అడగరు. అందుకే మీ వైపు 14, అవతల 19 ఉన్నా టన్నెల్ లేస్తుంది. 3600 సెకన్ల తర్వాత రీకీ చేసేటప్పుడే (కీ మార్చేటప్పుడే) గ్రూపు బేరం మొదలవుతుంది, కుదరదు, పాత కీ గడువు తీరగానే ట్రాఫిక్ ఆగుతుంది. కొత్తగా లాగిన్ అయ్యాక ఇంకో గంట హాయిగా నడుస్తుంది. రెండు టన్నెళ్లూ ఒకేసారి లేచాయి కాబట్టి ఒకేసారి పడుతున్నాయి.

రెండు వైపులా ఒకే గ్రూపు పెట్టండి. లైఫ్‌టైమ్‌ను ఒక టన్నెల్‌కు 3600, రెండోదానికి 3300 చేస్తే రీకీలు ఒకే క్షణంలో రావు. సరిచేశాక గంటసేపు కాచుకుని కూర్చోనక్కర్లేదు. చైల్డ్ ఎస్ఏ రీకీని చేత్తో నడిపించి, లాగ్ చూడండి. ‘నో ప్రపోజల్ చోజెన్’ అని రాకుండా కొత్త ఎస్‌పీఐ నంబర్ (ఆ కీల ఒప్పందం గుర్తింపు నంబర్) కనిపిస్తే గ్రూపులు కలిసినట్టే.