చెక్‌పోస్టు దగ్గర నీ కుర్రాళ్లు

చిరంజీవి చిన్నారికి పెద్ద మామయ్య ఆశీస్సులు.

నీ కథకు నిర్మాత దొరికాడనీ, చలికాలంలో శేషాచలం అంచుల్లో షూటింగు అనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కథాసారం కూడా పంపింది. మన ఇంటి ఆడపిల్ల దర్శకురాలవుతున్నదని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. మద్రాసులో కో-డైరెక్టరుగా బతికినవాణ్ణి, అడగకపోయినా చెప్పకుండా ఉండలేను.

స్క్రిప్టు పూర్తికాకుండా లొకేషనుకు బయలుదేరకు. డబ్బు సంగతులన్నీ కాగితం మీద రాయించుకో. ఇవి నీకు తెలిసినవే.

మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు తోలే ముగ్గురు స్నేహితులు, ధర పడిపోయి అప్పులపాలై, ఒక్క లోడు ఎర్రచందనం తమిళనాడు సరిహద్దు దాటించి చెన్నై చేర్చడానికి ఒప్పుకోవడం నాకు నచ్చింది. ఇంటర్వెల్ తర్వాత వాళ్లు ఆరితేరిపోయి పోలీసులకే ఎత్తులు వేయడం నచ్చలేదు. నిన్నగాక మొన్న టమాటా ట్రేలు మోసిన కుర్రాళ్లకు రెండు రాత్రుల్లో అంత తెలివి ఎక్కడిది?

ఇలాంటి కథకు నేను పనిచేశాను. సినిమా పేరు అక్కర్లేదు. సముద్రం మీద దొంగచాటుగా వచ్చిన వాచీలనూ ట్రాన్సిస్టర్లనూ అన్నదమ్ములిద్దరు లారీలో మద్రాసు చేర్చాలి. దర్శకుడు సమర్థుడు. ఆయన మొదట తీసిన చెక్‌పోస్టు సన్నివేశం ఇప్పటికీ నా కళ్లముందుంది. తమ్ముడు లారీ దిగి కాగితాలు చూపించాలి. అవి తన దగ్గరే ఉన్నాయి, ఏ జేబులో పెట్టాడో గుర్తు రావడం లేదు. చొక్కా జేబు, లాగు జేబు, మళ్లీ చొక్కా జేబు. కానిస్టేబులుకు అసలు అనుమానమే లేదు, నిలబడి ఆవలిస్తున్నాడు. రషెస్, అంటే అప్పటిదాకా తీసిన ముక్కలు, వేసి చూసినప్పుడు మేమెవరం కుర్చీల్లో కదలలేదు. ఆ తర్వాత పంపిణీదారులు వచ్చి, హీరో భయపడితే జనం చూడరన్నారు. దర్శకుడు వాదించాడు, అలిసిపోయాడు, ఒప్పుకున్నాడు. జేబులు వెతికే సన్నివేశం పోయింది. దాని స్థానంలో తమ్ముడు నలుగురిని కొట్టి, గేటు విరగ్గొట్టి లారీ తోలుకుపోయాడు. అక్కడితో ప్రేక్షకులకు ధైర్యం వచ్చేసింది, వీడికేమీ కాదని. తర్వాత తుపాకులున్నాయి, తుపాను ఉంది, పడవ మునగడం కూడా ఉంది. ఒక్కదానికీ ఎవరూ ఉలిక్కిపడలేదు. అన్న చనిపోయే చోట హాల్లో జనం సోడాలు కొనుక్కుంటున్నారు. దర్శకుడు గోడకు ఆనుకుని అదంతా చూశాడు. ఆ తర్వాత ఎన్నో సినిమాలు తీశాడు గానీ, ఎప్పుడు కలిసినా "ఆ జేబుల సీను ఉంచాల్సిందిరా" అనేవాడు. మంచివాడు. పోయేముందు కూడా ఆ మాటే అన్నాడు.

అందుకే అంటున్నాను, నీ ముగ్గురినీ చివరిదాకా చేతకానివాళ్లుగానే ఉండనివ్వు. కోర్ట్నీ హంట్ తీసిన 'ఫ్రోజెన్ రివర్' (2008) చూసి ఉంటావు. భర్త డబ్బు పట్టుకుని పారిపోతే, గడ్డకట్టిన సెయింట్ లారెన్స్ నది మీదుగా కెనడా నుంచి మనుషుల్ని అమెరికాలోకి కారు డిక్కీలో దాటిస్తుంది ఒక తల్లి. ఒకసారి ఎక్కినవాళ్లు పాకిస్తానీలని తెలిసి, వాళ్ల సంచిలో బాంబు ఉందేమోనని దాన్ని మంచుమీదే వదిలేస్తుంది. ఆ సంచిలో పసిబిడ్డ ఉన్నాడని తర్వాత తెలుస్తుంది. ఆమె దుర్మార్గురాలు కాదు. భయపడింది, అంతే. నాకు ఊపిరాడలేదు.

భయం మనిషిలో ఎలా ఉంటుందో నేను మీ అమ్మమ్మ దగ్గర చూశాను. 1964లో ఒక్కో రాష్ట్రాన్ని ఒక్కో ఆహార మండలం చేశాక, నెల్లూరు బియ్యం అనుమతి లేకుండా మద్రాసు తీసుకుపోకూడదు. అక్కడ మా పిన్ని బాలింత. అమ్మ గుడ్డసంచిలో బియ్యం పోసి నడుముకు చుట్టుకుని, పైన చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని గూడూరులో రైలెక్కింది. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆ రోజు నోరు మూయలేదు. తనిఖీకి వచ్చినాయన్ను "అన్నం తిన్నావా నాయనా" అని అడిగి, చేతిలో అరిసె పెట్టింది. ఆయన తింటుంటే తల్లిదండ్రుల క్షేమం కనుక్కుంది. వణుకు లేదు, చెమట లేదు. దిగాక ప్లాట్‌ఫారం మీద కూలబడి, నన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు లేవలేదు. పట్టుబడితే నేనేమైపోతానో అనే ఆమె దిగులంతా. నీ నటులకు గ్లిజరిన్ చెమటలు పట్టించకు తల్లీ, ఈ సంగతి చెప్పు.

ఇక సరుకు. ఎర్రచందనానికి గంధపుచెక్కలా వాసన ఉండదు. కాబట్టి పోలీసులు వాసన పట్టే సన్నివేశాలు రాయకు. దాని చేవ, అంటే లోపలి గట్టిచెక్క, నీళ్లలో మునుగుతుంది, దుంగలు ఏట్లో తేలుతూ పోయే షాటు ఉంటే కొట్టేయి. ఆ బరువుకు బండి వెనకభాగం కుంగుతుంది. పైన టమాటా ట్రేలు ఎన్ని పేర్చినా, ఆ కుంగుబాటు కనిపెట్టే కన్ను సరిహద్దులో ఒకటి ఉండి తీరుతుంది. నీ కుర్రాళ్లకు అది తట్టకూడదు.

నాకు నిజంగా కోపం వచ్చింది ఇంకోచోట. దుంగలు బండి దగ్గరికి ఎలా చేరాయో ఒక్క వాక్యంలో దాటేశావు. వాటిని కొట్టి, పైబెరడు చెక్కి, రాత్రివేళ బండల మీదుగా భుజాన మోసుకొచ్చే కూలీలు చాలామంది తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి వచ్చే పేదలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో అలాంటివాళ్లు 20 మంది చనిపోయారు. ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాలవాళ్లు. అంతకుముందు 2013 డిసెంబరులో అదే అడవిలో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. ఆ రెండువైపుల ఇళ్లలోవాళ్లు నీ సినిమా చూస్తారు. ఒక్క కూలీకైనా ముఖం ఇవ్వు, ఊరి పేరు ఇవ్వు, ముందు పుచ్చుకున్న అడ్వాన్సు దేనికి ఖర్చయిందో చెప్పించు. ఒక్క ఫారెస్టు గార్డుకైనా ఇంటి నుంచి ఫోను రానివ్వు.

షూటింగుకు దుంగలు ఫైబరుతో చేయించు. మోసే షాట్లకు మాత్రం లోపల ఇసుక నింపించు, ఉత్త ఫైబరు మోసేవాడి నడక తెరమీద ఇట్టే దొరికిపోతుంది. వాటిని లారీలో వేసుకుని రాత్రిపూట హైవే ఎక్కేముందు అటవీశాఖకూ పోలీసులకూ రాతపూర్వకంగా తెలియజేసి, అనుమతి కాగితం ఆ లారీలోనే ఉంచు. ప్రొడక్షన్ మేనేజరు చూసుకుంటాడులే అనుకోకు. నువ్వే చూడు.

నేను అన్నిటికన్నా భయపడేది దొంగలకూ పోలీసులకూ కాదు, రాత్రి షూటింగు ముగిశాక తెల్లవారుజామున ఇల్లు చేరే ప్రయాణానికి. యూనిట్ కార్లు అప్పుడే లోయల్లో పడతాయి. రాత్రంతా లైట్ల దగ్గర మేలుకున్న డ్రైవరును స్టీరింగు పట్టనివ్వకు. పగలు నిద్రపోయిన డ్రైవర్లు వేరుగా ఉండాలి, వాళ్ల జీతం బడ్జెట్టులో ఇప్పుడే రాయించు. నిర్మాత ఒప్పుకోకపోతే ఆ డబ్బు నేనిస్తాను, మీ అమ్మకు చెప్పకు. నువ్వు మాత్రం ఆ వేళలో ఘాట్ రోడ్డు మీద కారు నడపనని నాకు జవాబు రాయి.

పెద్ద మామయ్య