ఒక కంటి చుట్టూనే నొప్పి, బరువు: రిపోర్టులన్నీ నార్మల్ అన్నాక ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఎడమ కంటి వెనక, కనుబొమ్మ దగ్గర నెలల తరబడి నొక్కేస్తున్నట్టు ఉంటోంది, మధ్యమధ్యలో భరించలేనంత పెరుగుతోంది. కంటి పరీక్ష నార్మల్, సైనస్ స్కాన్ నార్మల్. ఇది టెన్షన్ వల్లా, కళ్ళజోడు మార్చుకోవాలా?

నాకు ఇదే బాధ కుడి వైపు వచ్చింది. కుడి కన్ను, కుడి కనుబొమ్మ, కుడి కణత. ఎడమ వైపుకి ఒక్కసారి కూడా పోలేదు. పొద్దున్న లేచేసరికే ఉండేది, రాత్రి పడుకునే దాకా ఉండేది. కంట్లో ఇసుక పడినట్టు ఒకటే గరగర. అద్దంలో చూసుకుంటే ఏమీ కనిపించదు. ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి, స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో పేపర్లు దిద్ది దిద్ది వచ్చిందని స్టాఫ్ రూమ్‌లో అందరూ తేల్చేశారు. సెలవుల్లో కూడా తగ్గకపోతే అప్పుడు సైనస్ అన్నారు.

ఈ సైనస్ గురించి నేను చెప్పి తీరాలి. మన వైజాగ్‌లో ముఖం మీద ఎక్కడ నొప్పి పుట్టినా ముందు ఆ మాటే వస్తుంది. సముద్రపు గాలి అంటారు, పోర్టు బొగ్గు పొడి అంటారు. బొగ్గు పొడి బాధ నిజమే, జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు ఇళ్ళలో వరండా తుడిస్తే గుడ్డ నల్లగా అవుతుంది. కానీ దుమ్ము రెండు ముక్కు రంధ్రాల్లోకీ వెళుతుంది కదా, ఒక్క కన్నే ఎందుకు నొప్పెట్టాలి? నిజంగా సైనస్‌లో ఇన్‌ఫెక్షన్ ఉంటే ముక్కులోంచి చిక్కగా పసుపుపచ్చగా చీమిడి వస్తుంది, వాసన తెలియదు, ఒక్కోసారి జ్వరం ఉంటుంది. ఇవేవీ లేకుండా, స్కాన్ కూడా శుభ్రంగా ఉన్నాక మళ్ళీ యాంటీబయాటిక్ కోర్సు రాస్తే ఎందుకని అడగండి. 2004లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. తమది సైనస్ తలనొప్పే అని నమ్మిన 2,991 మందిని పరీక్షిస్తే, 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలు. ఆవిరి పట్టుకుంటూ, నుదుటికి బామ్ రాసుకుంటూ మన ఇళ్ళలో ఎంతమంది ఇలా ఏళ్ళు గడిపేస్తున్నారో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. అందులోనూ ఆడవాళ్ళ తలనొప్పి అయితే మరీ లోకువ. "ఎక్కువ ఆలోచిస్తున్నావు" అనే మాట విననివాళ్ళు ఉంటే చెప్పండి.

కన్ను బాగానే ఉండి కంట్లో నొప్పి ఎలా వస్తుందని మీకు అనుమానం రావచ్చు. ముఖానికి స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నరానికి మూడు శాఖలు. పై శాఖ కంటికీ, నుదుటికీ, మెదడు చుట్టూ ఉండే పొరకీ కలిపి పనిచేస్తుంది. మెడ పైభాగం నుంచి వచ్చే నరాలు కూడా లోపల వీటితోనే కలుస్తాయి. ఒకే మీటరు మీద నాలుగు వాటాలు ఉన్న ఇంట్లో కరెంటు ఎవరు కాల్చారో బిల్లు చూసి చెప్పలేం కదా, ఇదీ అంతే. నొప్పి ఎక్కడ మొదలైనా మెదడు దాన్ని కంటి ఖాతాలో రాసేస్తుంది. కంటి డాక్టరు "కన్ను బాగుంది" అన్నారంటే మీకు నొప్పి లేదని కాదు. నొప్పి మూలం కంట్లో లేదని, అంతే.

నాకు దారి దొరికింది మాత్రం సింహాచలం కొండ మీద. చందనోత్సవం నాడు, అంటే వైశాఖ శుద్ధ తదియ నాడు, అప్పన్న నిజరూప దర్శనానికి మా అక్క కుటుంబంతో వెళ్ళాను. క్యూ ఇంకా గుడి బయటే ఉంది. జనం ఒత్తిడి, ఉక్క, నిద్ర లేదు. ఉన్నట్టుండి కంటి నొప్పి భరించలేనంత పెరిగిపోయింది. నిలబడలేను, కూర్చోలేను. ఉన్న చోటే ఇటు రెండడుగులు, అటు రెండడుగులు వేస్తున్నాను. మా ముందు నిలబడ్డ ఒక ముసలావిడ వెనక్కి తిరిగి నన్నే చూసి, "ఏటమ్మా, ఒక్క కంట్నించే నీరొస్తంది? ఆ రెప్ప సూడు, జారిపోయింది" అంది. అప్పటిదాకా ఎవరూ చూడలేదు. నొప్పి పెరిగినప్పుడు నేను చీకటి గదిలో తలుపేసుకుంటాను కాబట్టి చూసే అవకాశమే లేదు. మా అక్క కూతురు వెంటనే ఫోన్ తీసి, "పిన్నీ, ఒక్క నిమిషం కదలకు" అని రెండు కళ్ళూ కనబడేలా దగ్గరగా ఫోటో తీసింది. కుడి కన్ను ఎర్రగా ఉంది, రెప్ప సగం వాలింది, చెంప మీద ఒక్క వైపే తడి. ఎడమ కన్ను మామూలుగా ఉంది. దర్శనం అయింది కానీ ఆ కంటితో స్వామిని సరిగా చూడనేలేదు.

ఆ ఫోటోని నరాల డాక్టరుకి చూపించాను. ఆయన దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశారు. తర్వాత అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్నలు అడిగారు. నొప్పి పూర్తిగా సున్నా అయ్యే రోజులున్నాయా? వైపు మారుతుందా? పెరిగినప్పుడు పడుకోవాలనిపిస్తుందా, తిరగాలనిపిస్తుందా? కంటితో పాటు ముక్కు కూడా అదే వైపు కారుతుందా? ఎమ్మారై తీయించి, లోపల గడ్డలూ రక్తనాళాల తేడాలూ లేవని చూసుకున్నాక "హెమిక్రేనియా కంటిన్యువా" అన్నారు. 1984లో స్యాస్టాడ్, స్పీరింగ్స్ అనే డాక్టర్లు ఈ పేరుతో వర్ణించిన జబ్బు. మూడు నెలలకు పైగా ఒకే వైపు విడవకుండా ఉండే నొప్పి, పెరిగినప్పుడు అదే వైపు కన్నీరు, ఎర్రదనం, రెప్ప వాలడం. దీనికి ఇండోమెథాసిన్ అనే పాత, చవకైన మాత్ర పూర్తిగా పనిచేస్తుంది, అలా పనిచేస్తేనే జబ్బు ఇదని ఖాయం చేస్తారు. నాకు వారం తిరక్కుండానే ఆ బరువు దిగిపోయింది. నొప్పి లేని కన్ను ఎలా ఉంటుందో మర్చిపోయానని ఆ రోజు తెలిసింది.

ఆ మాత్ర మీరు సొంతంగా కొని వేసుకోకండి, దయచేసి. కడుపులో పుండు చేస్తుంది, కిడ్నీలకీ బీపీకీ మంచిది కాదు, ఆస్తమా ఉన్నవాళ్ళలో కొందరికి పడదు. నాకు భోజనం తర్వాతే వేసుకోమని, తోడుగా కడుపుకి ఇంకో మాత్ర రాశారు. పైగా మీది ఇదే కానక్కర్లేదు. రోజూ ఇంచుమించు ఒకే వేళకి వచ్చి, పావుగంట నుంచి మూడు గంటల లోపు ఉండి, మధ్యలో పూర్తిగా పోయేదైతే అది క్లస్టర్ తలనొప్పి కావచ్చు. దానికి మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ని ఎక్కువ ధారగా పెడితే చాలామందికి తగ్గుతుంది. కదిలితే పెరిగి, వెలుతురు పడక, వాంతి వచ్చేలా ఉంటే మైగ్రేన్.

ఇంకో మాట, నొప్పి మాత్రలు వరసగా మింగుతున్నారా? మామూలు నొప్పి మాత్రే అయినా నెలలో 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ వేసుకుంటూ మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. మందుల షాపులో "తలనొప్పికి ఇవ్వండి" అనగానే చేతిలో పెట్టేసే పద్ధతి మీద నాకు చాలా కాలంగా అభ్యంతరం ఉంది.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. కన్ను ఎర్రబడి, చూపు మసకబారి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడి, వాంతులవుతుంటే అది కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే గ్లాకోమా కావచ్చు. గంటల్లో చూపు పోవచ్చు, అర్ధరాత్రైనా కంటి ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. మనకి పెదవాల్తేరులో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్‌వీ ప్రసాద్ ఉంది. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణత నొప్పి, దువ్వెన తగిలితే తల నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష చేయించాలి. చూపు రెండుగా కనిపించినా, కన్ను తిప్పితే నొప్పెట్టి రంగులు వెలిసినట్టున్నా, రెప్ప వాలి కంటిపాప పెద్దదైనా, నుదుటి మీద పొక్కులు లేచినా ఆలస్యం చేయకండి. మెడ నొప్పితో రెప్ప వాలినా అంతే.

ఇవేవీ లేకపోతే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎప్పుడు పెరిగింది, ఎంతసేపు ఉంది, కన్నూ ముక్కూ ఏం చేశాయి, ఏ మాత్ర వేసుకున్నారు, అంతే రాయండి. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు రెండు కళ్ళూ కనబడేలా ఇంట్లోవాళ్ళతో ఫోటో తీయించుకోండి. ఆ రెండూ పట్టుకుని న్యూరాలజీకి వెళ్ళండి. ఖర్చు భయం ఉంటే మన ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోవాలి, కాస్త ఓపిక పట్టాలి. లోపలికి వెళ్ళగానే "సైనస్ అన్నారండి" అని మొదలుపెట్టకండి, అక్కడే ఆలోచన ఆగిపోతుంది. "ఒకే వైపు, ఎప్పుడూ ఉంటుంది, పెరిగితే కన్నీరు వస్తుంది" అని మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కళ్ళజోడు సంగతి: మీ కంటి పరీక్షలో పవర్ మారలేదని రాసి ఉంటే కొత్త అద్దాలకి డబ్బు పెట్టకండి. పవర్ తేడా వల్ల వచ్చే నొప్పి చదువుతున్నప్పుడు పెరిగి, కళ్ళు మూసుకుని విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. మీది పొద్దున్న కళ్ళు తెరిచేసరికే ఉంటోందా, లేదా? ఆ ఒక్కటీ కింద రాయండి, నాకు తెలిసినంత చెబుతాను.