220 వోల్టుల డీసీ ఓడలో కొత్త స్విచ్ ఎందుకు కాలిందంటే

పాత ఓడలో 220 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) లైన్ మీద హీటర్‌కి మామూలు ఏసీ (దిశ మారుతూ ఉండే ఇంటి కరెంటు) స్విచ్ పెడితే, ఆఫ్ చేయగానే లోపల మంటొచ్చి కరిగిపోయిందన్నారు కదా, స్విచ్ నాసిరకం కాదండీ, డీసీకి పనికొచ్చేది కాదు అంతే. ఏసీలో 50 హెర్ట్జ్ దగ్గర కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి కాంటాక్టులు (స్విచ్ లోపల కలిసి విడిపోయే లోహపు ముక్కలు) విడిపోగానే ఆర్క్, అంటే వాటి మధ్య గాల్లో వచ్చే కరెంటు మంట, దానంతటదే ఆరిపోతుంది, డీసీలో ఆ సున్నా రానే రాదు, గ్యాప్ చిన్నదైతే కాంటాక్టులు కరుగుతున్నా ఆర్క్ సాగుతూనే ఉంటుంది. అందుకే పాత డీసీ స్విచ్‌లలో గట్టి స్ప్రింగ్ ఉండి టక్కున దూరంగా విడిపోతాయి. డీసీ వోల్టేజ్, ఆంప్స్ రాసున్న డబుల్ పోల్ స్విచ్చే వేయండి, రెండు వైర్లూ కట్ అవ్వాలి.

ఇంకోటి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రేడియోలాంటివి ఆ సాకెట్‌లో అస్సలు పెట్టొద్దు, డీసీకి ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఆ వైండింగ్ (తీగచుట్ట) ఉత్త తీగే, ఫ్యూజ్ పోకపోతే పొగే.

మళ్ళీ సప్లై ఇచ్చాక స్విచ్‌బోర్డు మీద ఎర్త్ ల్యాంపులు (ఏదైనా లైన్ ఓడ ఒంటికి తగిలిందేమో చూపే రెండు దీపాలు) చూడండి. రెండూ సమానంగా సగం వెలుగులో ఉంటే పర్లేదు, ఒకటి ఆరి ఇంకోటి ఫుల్లుగా వెలిగితే ఆరినవైపు పోల్ (ప్లస్ లేదా మైనస్ లైన్) హల్‌కి, అంటే ఓడ ఒంటికి, తగిలినట్టు. అప్పుడు ముందు ఆ కాలిన స్విచ్ బాక్స్ దగ్గరే వెతకండి, కానీ మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టేముందు ఆ సర్క్యూట్ తప్పకుండా ఐసోలేట్ చేయండి, అంటే సప్లై నుంచి విడదీయండి.