వందేళ్ల ఇంటి టేకు, రాయి అమ్మితే చిక్కా?

ప్రశ్న: చెన్నై జార్జ్‌టౌన్‌లో మా ముత్తాత 1911లో కట్టించిన ఇల్లు నాకూ, నెల్లూరులో ఉంటున్న తమ్ముడికీ వచ్చింది. కూల్చి కొత్తది కట్టుకోవాలి. బర్మా టేకు స్తంభాలు, దూలాలు, రాతి పలకలు, గజలక్ష్మిని చెక్కిన ద్వారబంధం అన్నింటికీ కలిపి ఒక వ్యాపారి బేరం పెట్టాడు. రెండు స్తంభాలు తమ్ముడు తీసుకెళ్తానంటున్నాడు. చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు: అమ్ముకోవచ్చు. కానీ అన్నింటికీ కలిపి ఒకే బేరం వద్దు. ముందు గజలక్ష్మిని విడిగా పెట్టండి.

1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు నిండిన, కట్టడం నుంచి ఊడదీసిన వస్తువును కూడా పురావస్తువు అంటుంది. ఆ మాటల్లోకి మామూలు దూలం సైతం వస్తుంది. అనుమానం తలెత్తితే తేల్చేది కేంద్ర పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి. వాళ్ల నిర్ణయమే తుది. శిల్పం చెక్కిన కలప సంగతి వేరు, దానికి రిజిస్ట్రేషన్ తప్పదు. అందుకే ద్వారబంధం గోడలో ఉండగానే ఫొటోలు తీయించి, కొలతలు రాసుకుని, పురావస్తువుల రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు పెట్టండి. ఆ తర్వాత చేతులు మారితే ఆ సంగతీ ఆయనకు తెలపాలి. సొంత ఇంటి వస్తువు ఒకసారి అమ్మడం వ్యాపారం కాదు గనుక మీకు లైసెన్స్ అక్కర్లేదు. కొనేవాడు పురావస్తువుల వ్యాపారం చేస్తుంటే అతనికి కావాలి, నకలు అడిగి తీసుకోండి. పురావస్తువు అనుమతి లేకుండా దేశం దాటితే శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు. ఎవరికి, ఏ తేదీన అమ్మారో చూపే కాగితం అప్పుడు మీకు అండ.

కూల్చడానికి కార్పొరేషన్ అనుమతి కావాలి. మౌంట్ రోడ్ భారత్ ఇన్సూరెన్స్ భవనం కేసులో 2010లో మద్రాస్ హైకోర్టు తీర్పు ఇచ్చాక, వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్నవాటిని వారసత్వ పరిరక్షణ కమిటీ అనుమతి లేకుండా ముట్టుకునే వీల్లేదు. ఆ జాబితాలో మీ ఇల్లు ఉందేమో సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ)లో కనుక్కునేటప్పుడు పాత డోర్ నంబరు, కొత్త నంబరు రెండూ చూపించండి. ఒక్కటే చూసి లేదనుకుంటే పొరపాటు జరుగుతుంది.

ఊడదీసి అప్పగించే షరతు మీద అమ్మే కలప, రాయి 1930 వస్తు విక్రయ చట్టం కింద సరుకే, స్థిరాస్తి కాదు. సబ్‌రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లక్కర్లేదు గానీ ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, అన్నదమ్ములిద్దరూ సంతకం పెట్టాలి. ఇల్లు తాకట్టులో ఉంటే బ్యాంకు ఒప్పుకోలు ముందు. మద్రాస్ టెర్రస్ కప్పుల్లో (దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసే పాతకాలపు కప్పు) దూలాల చివరలు గోడలోకి దిగి ఉంటాయి. అది పక్కింటితో ఉమ్మడి గోడైతే, లాగేటప్పుడు వచ్చే నష్టం ఎవరిదో, దూలాలు తీశాక మిగిలే గూళ్లు ఎవరు పూడ్చాలో రాయించండి. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

తమ్ముడి స్తంభాలు ఆంధ్రా సరిహద్దు దాటాలి. అటవీ చట్టంలో 'కలప' అంటే చెక్కి మలిచినదీ వస్తుంది. లారీ కదలకముందే అటవీ అధికారిని లిఖితపూర్వకంగా అడిగి, ఇంటి దస్తావేజు, కూల్చివేత అనుమతి, ఫొటోల నకళ్లు బండిలో పంపండి.

గోడలోనో పునాదిలోనో విలువైనది దాచి ఉంటే, అది పది రూపాయలు దాటినా 1878 నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఈ మాట మేస్త్రీకి ముందే చెప్పి ఉంచండి.