నంబరు చదివే ముందు చక్రాలు లెక్కపెట్టు

చి॥ బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

డెన్వర్‌లో నువ్వు కొన్న పాత రైలింజన్ల ఫొటోల స్కాన్లు అందాయి. వెనక ఏమీ రాసి లేదని దిగులు పడకు. రాసి ఉంటే దాన్ని నమ్మేసి, బొమ్మ చూడటం మానేస్తాం.

ముందు చక్రాలు చూడు. ఇవన్నీ అమెరికాలోని యూనియన్ పసిఫిక్ రైల్వే వాళ్ల ఆవిరి ఇంజన్లు. ఒకే బాయిలర్ కింద పెద్ద చక్రాలు రెండు గుంపులుగా ఉంటాయి, మలుపులో ముందు గుంపు విడిగా తిరుగుతుంది. ఒక పక్క నుంచి చూస్తే గుంపుకి నాలుగేసి ఉంటే బిగ్ బాయ్, మూడేసి ఉంటే చాలెంజర్. ఇది తేలితే ఏ నంబర్లు ఉండొచ్చో, ఏవి ఉండవో తేలిపోతుంది. బిగ్ బాయ్‌లు మొత్తం 25. 4000 నుంచి 4019 వరకు 1941లో, 4020 నుంచి 4024 వరకు 1944లో చేశారు. నీ రెండో ఫొటోలో మూడో అంకె చెరిగిపోయి, చివర 6 కనిపిస్తోంది కదా, అది 4006 గానీ 4016 గానీ కావాలి. 4026 అనేది లేనే లేదు.

చాలెంజర్లతోనే అసలు చిక్కు. 1936, 37లలో వచ్చిన మొదటి నలభైకి 3900 నుంచి 3939 దాకా నంబర్లిచ్చారు. 1944లో వాటిని 3800 నుంచి 3839కి మార్చి, అదే ఏడు వచ్చిన కొత్త ఇంజన్లకు 3930 నుంచి 3949 వరకు ఇచ్చారు. అంటే 3935 పేరున రెండు వేర్వేరు ఇంజన్లు తిరిగాయి, పాత 3935 తర్వాత 3835 అయింది. నేను ఇది తెలియని రోజుల్లో ఒక ఫొటో వెనక సిరాతో 1937 అని రాసేశాను. తర్వాత టెండరు, అంటే ఇంజను వెనకే ఇంధనం, నీళ్లు మోసే బండి, చూస్తే అది 1944 నాటి ఇంజను. ఆ సిరా ఇప్పటికీ పోలేదు. అందుకే నువ్వు పెన్సిలే వాడు.

టెండరు ఎలా చూడాలంటావా? పాతవాటి టెండరుకి పక్కకి ఆరు చక్రాలు, మూడేసి చొప్పున రెండు బోగీలు (బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, చక్రాలు బిగించిన చట్రం). కొత్తవాటికి పక్కకి ఏడు: ముందు రెండు బోగీలో, వెనక అయిదు వరసగా. చక్రాలు గడ్డిలో కనబడకపోతే డ్రైవరుండే క్యాబ్ మీద పెద్ద నంబరు కింద చిన్న అక్షరాలు వెతుకు. 4664-5 అని ఉంటే 1944 జట్టు, 4664-3 అయితే 1942, 4664-4 అయితే 1943. ఆ భాగాన్ని ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చెయ్యి. పదును పెంచే ఫిల్టర్లు మాత్రం వద్దు, అవి 3ని 8 చేసేస్తాయి.

బాయిలర్ ముందు భాగంలో పైన, రెండు పక్కలా వెలిగే నంబరు పలకలు ఉంటాయి. వాటి జోలికి తొందరపడి పోకు. టైంటేబుల్ బండి అయితే అక్కడ బండి నంబరు ఉంటుంది. టైంటేబుల్‌లో లేని ఎక్స్‌ట్రా బండి అయితేనే ఎక్స్ (X) అక్షరం పక్కన ఇంజను నంబరు వస్తుంది.

నీ రంగుల ఫొటో చూసి చాలా సంతోషించాను. దాని మీద క్లించ్‌ఫీల్డ్ 676 అని ఉంది. ఆ రైల్వే 1947లో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ చాలెంజర్లు ఆరింటిని కొని 670 నుంచి 675 వరకు నంబర్లిచ్చింది, 676 లేదు. నీ ఫొటోలోది యూనియన్ పసిఫిక్ చాలెంజర్ 3985. 1992లో శాంటా క్లాజ్ బండి కోసం దానికి ఆ పేరు, ఆ నంబరు వేశారు. ఆ ఫొటో వెనక రెండు నంబర్లూ రాయి, ఏది అసలుదో, ఏది వేషమో విడిగా.

ఒక్కో ఫొటోకి ముందు కంటికి కనిపించింది రాసి, గీత గీసి, కింద నీ ఊహ రాయి. నాలుగో ఫొటోలో టెండరు సగం కత్తిరించి పంపావు. పూర్తిది మళ్లీ స్కాన్ చేసి పంపమ్మా, చక్రాలు ఆరో ఏడో చూడాలి.

పెదనాన్న