నీ సిపాయిని అంత తొందరగా ఇంటికి చేర్చకు

అమ్మాయీ,

నీ కథ చదివాను. భాష బాగుంది, సంభాషణలు ఇంకా బాగున్నాయి. చిక్కంతా చివరి రెండు పేజీల్లోనే. 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. వారం తిరక్కుండా నీ సిపాయి తాడేపల్లిగూడెంలో రైలు దిగాడు, తల్లి పరుగెత్తుకొచ్చింది, ఊరంతా ఏడ్చింది. అంత తొందరగా ఎలా వస్తాడమ్మా?

ఆ రోజు చక్రవర్తి రేడియోలో మాట్లాడాడు, అంతే. లొంగుబాటు పత్రాల మీద సంతకాలు అయింది సెప్టెంబరు 2న, టోక్యో అఖాతంలో, మిస్సోరీ అనే అమెరికా యుద్ధనౌక మీద. అప్పటికి మన సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు. బర్మా, మలయా, ఇటలీ, ఇరాక్... ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా. వాళ్లు రావాలంటే ఓడలు కావాలి. అవే ఓడల కోసం తెల్ల సైనికులూ ఎదురుచూస్తున్నారు. ముందు ఎవరికి దొరికి ఉంటాయో నీకు చెప్పనక్కర్లేదు.

కొందరినైతే ఇంటికి పంపే మాట అటుంచి, ఇంకో యుద్ధంలోకి దింపారు. జావాలోని సురబయాలో 1945 అక్టోబరు చివర్లో దిగింది భారత సైన్యపు 49వ బ్రిగేడ్. డచ్చివాళ్ల పెత్తనం మళ్లీ వద్దని తిరగబడ్డ ఇండోనేషియా కుర్రాళ్లతో మనవాళ్లు పోరాడాల్సి వచ్చింది. వియత్నాంలోని సైగాన్‌లోనూ మన పటాలాలే ఉన్నాయి. యుద్ధం అయిపోయిందని లోకమంతా పండగ చేసుకున్నాక అక్కడ చచ్చిపోయినవాళ్లున్నారు. ఆ కబురు మోసుకొచ్చిన తంతిని ఇంట్లో ఎవరు చదివారు? తల్లి నమ్మిందా? "యుద్ధం ఆగిపోయిందిగా, ఇదెక్కడి కబురు" అని ఉండదూ? నువ్వు రాసిన రైలు స్టేషన్ కన్నా నాకు ఇదే పెద్ద కథ.

సరే, నీవాడు బతికే వచ్చాడనుకుందాం. వచ్చాక ఏం జరిగింది? సిపాయి ఇంట్లో నెలనెలా అందే మనియార్డరుతో అప్పులు తీర్చారు, చెల్లెలి పెళ్లి కుదిర్చారు. అతను గుమ్మంలోకి రావడంతో ఆ డబ్బు ఆగిపోయింది. ఆ సంగతి తల్లికి తెలుసు, భార్యకీ తెలుసు, ఎవరూ పైకి అనరు. బియ్యానికి ఇంకా కంట్రోలే, అంటే రేషనే. నీ కథలో వదినగారు వడ్డిస్తూ ఎంత పెట్టిందో చూసి రాస్తే చాలు, ఇంటి సంగతంతా తెలిసిపోతుంది. కన్నీళ్లు తగ్గించు.

నీ ఊళ్లోనే ఇంకొకణ్ణి పెట్టమంటాను. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు జపాన్‌వాళ్లకు చిక్కి, తర్వాత బ్రిటిష్ వాళ్ల మీద పోరాడిన నేతాజీ సైన్యం ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవాడు. యుద్ధం ముగిశాక అలా పట్టుబడ్డ ఫౌజ్ వాళ్లను బ్రిటిష్ వాళ్లు తమపట్ల విధేయతను బట్టి తెలుపు, బూడిద, నలుపు అని మూడు రకాలుగా విడదీశారు. నల్ల జాబితాలోకి వెళ్లినవాడికి ఉద్యోగం పోయింది, రావలసిన జీతమూ పోయింది. 1945 నవంబరులో ఢిల్లీ ఎర్రకోటలో ఫౌజ్ అధికారుల మీద విచారణ మొదలయ్యాక దేశమంతా వాళ్లకు జేజేలు కొట్టింది. జేబులో మాత్రం ఏమీ లేదు. స్వతంత్రం వచ్చాక కూడా వాళ్లను తిరిగి సైన్యంలోకి తీసుకోలేదు. బర్మాలో బ్రిటిష్ జెండా కింద పోరాడిన నీ హీరో, ఇతనూ ఒకే అరుగు మీద కూర్చోవాలి. వాళ్లు ఏం మాట్లాడుకుంటారో నువ్వే తేల్చాలి. నా అంచనా, చాలాకాలం పశువుల గురించీ వానల గురించే మాట్లాడుకుని ఉంటారు.

పశ్చిమ గోదావరిలో మాధవరం ఉంది కదా, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. ఓసారి వెళ్లు. ఫోన్ రికార్డర్ పెట్టి "మీ తాతగారు యుద్ధంలో ఏం చేశారు" అని అడిగితే విని విని అరిగిపోయిన వీరగాథే చెబుతారు. ఆయన నిద్రలో ఏమనేవాడు, భోజనం ఎంత తొందరగా చేసేవాడు, ట్రంకు పెట్టె తాళం ఎవరి దగ్గరుండేది, అవి అడుగు. ఇలాంటివి ఆడవాళ్లే బాగా చెబుతారు.

ఇంకొకటి. నీ హీరో ఏ దళంలో ఉన్నాడో ఎక్కడా రాయలేదు. రోడ్లూ వంతెనలూ కట్టే మద్రాస్ సాపర్స్ దళంలో వేస్తే బర్మా రోడ్ల మీద, వంతెనల దగ్గర పని ఉంటుంది, చేతికి తుపాకీతో పాటు మట్టి తవ్వే పార కూడా వస్తుంది. ముందు అది తేల్చుకో. ఎక్కడున్నాడు, ఎప్పటికి రాగలడు అన్నవి దాన్నుంచే వస్తాయి. దసరాలోపు కొత్త ప్రతి పంపు. పోస్టులోనే పంపు, ఫోన్లో చదవడం నావల్ల కాదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు